జిరాక్స్ షాపుకి వెళ్లిన జాబితా: ప్రభుత్వ నిధులతో చేసే సర్వేల్లో జనం వివరాలు కాపాడటం ఎలా

పన్నెండేళ్లుగా సర్వే ప్రాజెక్టుల్లో పనిచేస్తున్నాను. మొదట ఇన్వెస్టిగేటర్‌గా ఊళ్లు తిరిగాను. ఇప్పుడు షెడ్యూలు, అంటే ప్రశ్నల పత్రం, తయారుచేయడం మొదలుకొని చివర్లో ఫైళ్లు అప్పజెప్పేదాకా డేటా పనంతా నాదే. ఎక్కువగా కౌలు రైతుల అప్పుల మీద చేసిన సర్వేలు, అన్నీ ప్రభుత్వ నిధులతో నడిచినవే. కొత్తగా ప్రాజెక్టు మొదలుపెడుతున్న పీహెచ్‌డీ పిల్లలు, లెక్చరర్లు తరచూ ఫోన్ చేసి, "డేటా ప్రొటెక్షన్ అని ఏదో రాయమంటున్నారు మేడమ్, ఏం రాయాలి?" అని అడుగుతుంటారు. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు ఒక జరిగిన సంగతి. పల్నాడు వైపు ఒక సర్వేలో రెండో విడతకి మళ్లీ కలవాల్సిన 40 ఇళ్ల జాబితా ప్రింటు కావలసి వచ్చింది. సాయంత్రం ఏడు దాటింది, మండల కేంద్రంలో ఒక్క నెట్ సెంటరే తెరిచి ఉంది. మా టీములో ఒకరు ఎక్సెల్ ఫైలును ఆ షాపతని వాట్సాప్ నంబరుకి పంపారు, ప్రింటు తీసుకున్నాం, వచ్చేశాం. ఆ ఫైల్లో రైతు పేరు, భూ యజమాని పేరు, ఎకరానికి కౌలు ఎంత, ఎవరి దగ్గర ఎంత బాకీ అన్నీ ఉన్నాయి. ప్రింటు తీసుకున్నాక కూడా ఫైలు ఆ ఫోన్లోనే ఉండిపోతుందన్న ఆలోచన ఆ పూట మాలో ఎవరికీ రాలేదు. వారం తర్వాత ఒక రైతు దగ్గరికి వెళితే ఆయన కుర్చీ కూడా వేయలేదు. "నేను నీకు చెప్పిన లెక్క చేను యజమానికెట్టా తెలిసిందమ్మా?" అన్నాడు. మరుసటి ఏడాది ఆ చేను ఇంకొకరికి కౌలుకి పోయింది. జాబితా వల్లే పోయిందని నా దగ్గర రుజువు లేదు. కానీ ఆయన అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

డేటా రక్షణ అనగానే అందరూ హ్యాకర్ల గురించి ఆలోచిస్తారు. మన సర్వేల్లో అసలు ప్రమాదం పక్కింటివాళ్లతో, భూమి ఇచ్చిన ఆసామితో, వడ్డీకిచ్చినాయనతో. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం ప్రకారం పంట సాగుదారు హక్కు పత్రం, అదే సీసీఆర్‌సీ కార్డు, రావాలంటే యజమాని సంతకం పెట్టాలి. చాలామంది పెట్టరు. అందుకే "నేను ఫలానా వాళ్ల పొలం కౌలుకి చేస్తున్నా" అని సర్వేలో ఒప్పుకోవడమే ఒక రైతుకి పెద్ద సాహసం. మనం కాపాడాల్సింది ఆ మాటని.

ప్రపోజల్ రాసేటప్పుడే

షెడ్యూల్లో ప్రతి ప్రశ్న పక్కన ఒక గడి గీసి, ఆ జవాబు రిపోర్టులో ఏ టేబుల్లోకి వెళ్తుందో రాయండి. ఏ టేబుల్లోకీ వెళ్లకపోతే ఆ ప్రశ్న కొట్టేయండి. మా షెడ్యూల్లో ఆధార్ నంబరు గడి ఏళ్ల తరబడి ఉండేది. ఎందుకని అడిగితే "పాత షెడ్యూల్లో ఉంది కాబట్టి" తప్ప వేరే జవాబు లేదు, తీసేశాం. పొలం సర్వే నంబరూ అంతే. ఏం పండించారు, ఎంత విస్తీర్ణంలో అనేవి కావాలి గానీ నంబరుతో మనకేం పని? మన దగ్గర లేని వివరం ఎవరూ ఎత్తుకుపోలేరు. ఇంతకంటే చవకైన రక్షణ లేదు.

డబ్బు సంగతి కూడా అప్పుడే తేల్చుకోవాలి. పాస్‌వర్డ్ పెట్టుకునే రెండు హార్డ్ డిస్కులు, చిన్న ప్రింటరు, చివర్లో పేర్లూ గుర్తులూ తీసేసే పనికి ఒక మనిషి రెండు నెలల జీతం, ఇవి బడ్జెట్లో రాయండి. నిధులు మంజూరయ్యాక ఒక పద్దులోంచి ఇంకో పద్దులోకి మార్చాలంటే ఎన్ని సంతకాలు కావాలో ప్రాజెక్టు చేసిన వాళ్లందరికీ తెలుసు. ఆ ప్రింటరు మా దగ్గర ముందే ఉంటే నెట్ సెంటరుకి వెళ్లేవాళ్లమే కాదు.

చట్టం ఏమంటుంది

2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, అందులో ప్రధాన బాధ్యతలకు ఏడాదిన్నర గడువిచ్చారు. కాగితం మీద రాసుకున్నదానికి ఈ చట్టం వర్తించదు. అదే కాగితాన్ని స్కాన్ చేసినా, కంప్యూటర్లో ఎక్కించినా వర్తిస్తుంది. భద్రత ఏర్పాట్లు చేయకుండా డేటా బయటికి పోనిస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉండొచ్చు.

పరిశోధనకు మినహాయింపు ఉందిగా అంటారు. ఉంది, 17వ సెక్షన్లో. పరిశోధన, ఆర్కైవు, గణాంకాల పనికి చట్టం వర్తించకపోవచ్చు. కానీ దానికి రెండు షరతులు. ఒకటి, నిబంధనల చివర ఉన్న రెండో షెడ్యూలు (ఇక్కడ షెడ్యూలు అంటే అనుబంధం) ప్రమాణాలు పాటించాలి: అవసరమైనంత మేరకే వివరాలు తీసుకోవడం, పని ఉన్నంతకాలమే ఉంచుకోవడం, భద్రంగా ఉంచడం, ఎవరు బాధ్యులో తేల్చి ఉండటం. రెండోది ఇంకా ముఖ్యం. ఆ డేటాతో ఏ ఒక్క వ్యక్తి విషయంలోనూ నిర్ణయం తీసుకోకూడదు.

ఈ రెండో షరతు ఫీల్డులో ఎలా ఎదురవుతుందో చెప్తాను. సర్వే జరుగుతుండగా ఒక అధికారి మంచి ఉద్దేశంతోనే అడుగుతారు: "మీ దగ్గర అసలైన కౌలు రైతుల జాబితా ఉందటగా, ఇవ్వండి, పథకంలో చేరుస్తాం." మీకూ ఇవ్వాలనిపిస్తుంది, ఎందుకంటే ఆ ఇళ్ల కష్టం మీరు కళ్లారా చూశారు. ఇవ్వకండి. ఇచ్చిన క్షణం అది పరిశోధన డేటా కాదు, లబ్ధిదారుల జాబితా. ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనేది దాన్నిబట్టే తేలుతుంది, మినహాయింపు పోతుంది. జాబితాలో పేరున్న రైతు సంగతి యజమానికీ తెలుస్తుంది. మేం ఇలా చేస్తాం: పథకానికి ఎక్కడ దరఖాస్తు పెట్టాలో, ఏ కాగితాలు కావాలో ఒక పేజీలో రాసి ప్రతి ఇంట్లోనూ ఇస్తాం. వెళ్లాలో వద్దో వాళ్లిష్టం. అధికారికి మండలం మొత్తం మీద అంకెలు ఇస్తాం.

ఆరోగ్య సర్వేలైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు కూడా చూసుకోవాలి. పరిశోధన వల్ల జనానికి హాని జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి రాకుండా ఒక్క ఇంటి తలుపు కూడా తట్టొద్దు.

సమ్మతి పత్రం

మా పాత సమ్మతి పత్రంలో ఇలా ఉండేది: "తమరు తెలియజేసిన సమాచారము అత్యంత గోప్యముగా ఉంచబడును మరియు పరిశోధనా బృందమునకు తప్ప అన్యులకు వెల్లడించబడదు." ఇందులో రెండు తప్పులున్నాయి. చదివితే ఎవరికీ అర్థం కాదు. రెండో తప్పు పెద్దది, ఆ మాట మనం నిలబెట్టుకోలేం. ప్రభుత్వ నిధులిచ్చిన సంస్థ చివర్లో డేటా అప్పజెప్పమంటుంది. "ఎవరికీ చూపించం" అని సంతకం తీసుకుని తర్వాత చూపిస్తే అది మాట తప్పడమే. ఆ వాక్యాన్ని పట్టుకుని, ఎంతో ఖర్చుపెట్టి సేకరించిన డేటాని ఎవరికీ ఇవ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేసినవాళ్లూ ఉన్నారు.

ఇప్పుడు మేం చదివి వినిపించేది ఇది:

"మీరు చెప్పినవి మేం రాసుకుంటాం. మీ పేరు, ఊరు, ఫోను నంబరు ఒక వేరే ఫైల్లో ఉంటాయి, అది మా టీములో ఇద్దరే తెరవగలరు. పని అయ్యాక ఆ ఫైలు చెరిపేస్తాం. మీరెవరో తెలియకుండా చేసిన లెక్కల్ని, రాసిన మాటల్ని మాత్రం వేరే పరిశోధకులు కూడా చూడొచ్చు. ఇష్టం లేకపోతే ఇప్పుడే వద్దనండి, మధ్యలో ఆపేయమన్నా ఆపేస్తాం. దీనివల్ల మీకు వచ్చే పథకాలేవీ ఆగవు. చెబితే కొత్తగా వచ్చేదీ లేదు."

తర్వాత విడివిడిగా మూడు ప్రశ్నలు: మాట్లాడతారా? గొంతు రికార్డు చేయొచ్చా? పేరు లేకుండా లెక్కలు, రాసిన మాటలు వేరేవాళ్లకి ఇవ్వొచ్చా? మూడింటికీ ఒకే సంతకం తీసుకోవద్దు. రికార్డింగు వద్దనే వాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లు మిగతా రెండింటికీ ఒప్పుకుంటారు. వేలిముద్ర వేసేవాళ్లకైతే చదివి వినిపించేటప్పుడు వాళ్లు నమ్మే ఒక సాక్షి ఉండాలి. ఊరి పెద్దని మాత్రం సాక్షిగా పెట్టకండి, ఆయన పొలమే వాళ్లు కౌలుకి చేస్తుండొచ్చు. 18 ఏళ్లు నిండని వాళ్లని అడగాలంటే తల్లిదండ్రుల సమ్మతి ముందు.

ఇంకో చిన్న సంగతి చాలామందికి తట్టదు. సమ్మతి పత్రం ఒక కాపీ వాళ్ల ఇంట్లో వదిలి వస్తాం కదా. దాని మీద పెద్దక్షరాలతో "కౌలు రైతుల ప్రైవేటు అప్పులపై అధ్యయనం" అని ఉంటే ఇంటికి వచ్చిన ఎవరికైనా విషయం తెలిసిపోతుంది. మేం పైన "వ్యవసాయ కుటుంబాల సర్వే" అని వేసి, అసలు అంశం నోటితో వివరంగా చెప్పి, లోపలి పేరాలో రాస్తాం. ఈ మార్పుని ఎథిక్స్ కమిటీకి కారణంతో సహా చెప్పి ఒప్పించాం.

ఊళ్లో

ప్రతి ఇంటికీ ఒక నంబరు ఇవ్వండి. పేరులోని అక్షరాలతోనో, ఇంటి నంబరుతోనో, ఊళ్లో నడిచిన వరసలోనో వద్దు. కంప్యూటర్లో యాదృచ్ఛికంగా తీసిన నంబర్లు ముందే చీటీలుగా తీసుకెళ్లండి. ఏ నంబరు ఎవరిదో చెప్పే ఫైలుని మేం తాళంచెవి ఫైలు అంటాం. అది షెడ్యూళ్లతో ఒకే ట్యాబులో, ఒకే పెన్ డ్రైవులో, ఒకే మెయిల్లో ఎప్పుడూ ఉండకూడదు.

ట్యాబులో జవాబులు నింపే యాప్‌లు ఓడీకే గానీ కోబో టూల్‌బాక్స్ గానీ వాడుతుంటే ఫారాన్ని ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే ప్రత్యేక కీ లేకుండా ఎవరూ చదవలేకుండా మార్చే, సదుపాయం ఉంది, వాడండి. దాని ప్రైవేటు కీ పోతే డేటా మళ్లీ ఎవరూ తెరవలేరు కాబట్టి ఆ కీ రెండు చోట్ల భద్రపరచండి. పంపిన ఫారాలు ట్యాబులోంచి పోయేలా సెట్టింగు పెట్టండి. ట్యాబుకి లాకు తప్పనిసరి. జీపీఎస్ అవసరమైతేనే తీసుకోండి. దశాంశం తర్వాత అయిదు అంకెలుంటే అది దాదాపు ఒక మీటరు తేడాతో ఆ ఇంటి గడప దగ్గరికి తీసుకెళ్తుంది. రెండే ఉంచితే కిలోమీటరు చుట్టుపక్కల చూపిస్తుంది. దూరాలు లెక్కగట్టడానికి చాలాసార్లు ఆ మాత్రం చాలు. ఫోన్లో తీసిన ఫొటోలో కూడా లొకేషన్ దాక్కుని ఉంటుంది, ముందే ఆపేయండి.

వాట్సాప్ గ్రూపు ఎక్కడికి చేరారు, భోజనం ఎక్కడ అన్నంతవరకే. "మేడమ్, ఈ గడిలో ఏం రాయాలి?" అని షెడ్యూలు ఫొటో తీసి గ్రూపులో పెడతారు, పైన పేరుతో సహా. వేలెత్తి చూపడానికి చెప్పట్లేదు, ఎండలో నిలబడి పనిచేసేవాళ్లకి అదే తేలిక. అందుకే మాటలతో అడగమని, అవసరమైతే నంబరు మాత్రమే చెప్పమని ట్రెయినింగులో రెండుసార్లు ప్రాక్టీసు చేయిస్తాను. వాళ్లతో గోప్యత ఒప్పందం మీద సంతకం కూడా తీసుకుంటాను. ఆ కాగితం కంటే ఆ ప్రాక్టీసే ఎక్కువ పనిచేస్తుంది.

రచ్చబండ దగ్గర ఇంటర్వ్యూ చేస్తే పదిమంది పోగై జవాబులు వాళ్లే చెప్పేస్తారు. అప్పుల ప్రశ్నలు వచ్చేసరికి "చేను చూద్దాం పదండి బాబాయ్" అని గట్టు మీదికి తీసుకెళ్లండి. ఏ ఎన్‌క్రిప్షనూ రచ్చబండ మీద వినబడ్డ మాటని వెనక్కి తీసుకురాలేదు.

ఆఫీసులో

మూడు ఫోల్డర్లు చాలు. మొదటిది ఫీల్డు నుంచి వచ్చింది వచ్చినట్టు, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండోది శుభ్రం చేసుకుంటున్నది. మూడోది బయటికి ఇవ్వదగినది. తాళంచెవి ఫైలు ఈ మూడింట్లోనూ ఉండదు, ప్రాజెక్టు డైరెక్టర్ దగ్గర, డేటా పని చూసే ఒక్కరి దగ్గర మాత్రమే, పాస్‌వర్డుతో. ఫైలు పేర్లలో 'ఫైనల్', 'ఫైనల్ కొత్తది' వద్దు, తేదీ వేయండి. ఏ తేదీన ఏం మార్చారో ఒక నోట్సులో రాయండి. మొత్తం మూడు కాపీలు, అందులో ఒకటి వేరే భవనంలో. మూడు నెలలకోసారి ఆ కాపీ నిజంగా తెరుచుకుంటోందో లేదో చూడండి. 2014 నాటి ఒక సర్వే డేటా సీడీల్లో ఉందంటే అడిగి తెప్పించుకున్నాను, ఒక్కటీ తెరుచుకోలేదు. ఆ ఇళ్లవాళ్లు గంటల తరబడి కూర్చుని చెప్పిన మాటలన్నీ పోయాయి. డేటా బయటికి పోవడం ఎంత తప్పో, ఇలా చచ్చిపోవడమూ అంతే తప్పని నాకు ఆ రోజు తెలిసింది.

రీసెర్చ్ అసిస్టెంట్లు మారుతుంటారు. వెళ్లేరోజు సొంత ల్యాప్‌టాప్‌లో, సొంత మెయిల్లో ఏమీ మిగల్లేదని పక్కన కూర్చుని చూసి పంపండి.

గుర్తులు తీసేయడం

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టాలి. పేరు గడి డిలీట్ చేసి "అయిపోయింది" అనుకుంటే పొరపాటు. ఒక వరస చూడండి. ఇది నేను కల్పించిందే గానీ ఇలాంటివి ప్రతి సర్వేలోనూ ఉంటాయి:

ఊరి పేరు, స్త్రీ, 43 ఏళ్లు, భర్త చనిపోయారు, ఆ ఊళ్లో మూడే ఇళ్లున్న కులం, కౌలు 3 ఎకరాల 40 సెంట్లు, మిర్చి, బాకీ 4,87,500, అందులో రెండు లక్షలు భూ యజమాని దగ్గరే.

పేరు లేదు. కానీ ఆ ఊరి కిరాణా కొట్టాయనకి ఈ వరస చదివి వినిపిస్తే పూర్తయ్యేలోపు ఎవరో చెప్పేస్తాడు. నా మొదటి పరీక్ష ఇదే. బయటివాళ్లకీ కష్టం కాదు. ఓటర్ల జాబితాలో పేరు, వయసు, భర్త లేదా తండ్రి పేరు, ఇంటి నంబరు ఉంటాయి, అది అందరికీ దొరుకుతుంది. ఆంధ్రలో మీభూమిలో, తెలంగాణలో భూభారతిలో సర్వే నంబరు కొడితే పట్టాదారు వివరాలు వస్తాయి. పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. సెంట్లతో సహా, తెలంగాణలో అయితే గుంటలతో సహా రాసిన విస్తీర్ణం దాదాపు వేలిముద్ర లాంటిది.

అదే వరస మా చేతిలో ఇలా మారుతుంది: జిల్లా, స్త్రీ, 40–49, భర్త చనిపోయారు, బీసీ, 2.5–5 ఎకరాలు, వాణిజ్య పంట, బాకీ 4–5 లక్షలు, ప్రధాన మూలం ప్రైవేటు అప్పు.

భర్త చనిపోయారన్నది ఎందుకు ఉంచామంటే, ఒంటరి మహిళల అప్పులు ఆ అధ్యయనంలో ముఖ్యం. అది ఉంచినందుకు ఊరిని, మండలాన్ని వదులుకున్నాం. ప్రతిసారీ ఇలాంటి బేరమే, ఒకటి ఉంచాలంటే ఇంకొకటి వదలాలి. ఏది వదలాలో కంప్యూటర్ చెప్పలేదు, అధ్యయనం ప్రశ్న తెలిసినవాళ్లే చెప్పాలి.

రెండో పరీక్ష ఎక్సెల్లోనే అవుతుంది. ప్రాంతం, వయసు, లింగం, కులం, భూమి, ఈ గడులు కలిపి పివట్ టేబుల్ (ఒక్కో కలయికలో ఎంతమంది ఉన్నారో లెక్కించే పట్టిక) వేయండి. ఎక్కడైనా 1, 2 అని వస్తే అక్కడ మనిషి కనిపిస్తున్నట్టే. నేను 5 కంటే తక్కువ ఉంటే ఒప్పుకోను, వర్గాలు ఇంకా కలిపేస్తాను. అందరికంటే పెద్ద అప్పు, అందరికంటే పెద్ద కమతం ఉన్నవాళ్లని "10 లక్షల పైన", "10 ఎకరాల పైన" అని మూసేస్తాను.

ఇంటర్వ్యూల రాతప్రతుల్లో పేర్లు కొట్టేసి చుక్కలు పెట్టకండి, చదివేవాళ్లకి ఏమీ అర్థం కాదు. [మేనమామ], [భూ యజమాని], [మండల కేంద్రంలో ఎరువుల కొట్టు] అని బంధాన్ని రాయండి. రికార్డింగులు మాత్రం బయటికి ఇవ్వను, గొంతు విని గుర్తుపట్టేస్తారు.

అప్పజెప్పడం, చెరిపేయడం

ఇది జనం డబ్బుతో చేసిన పని కాబట్టి గుర్తులు తీసేసిన డేటా జనానికి అందాలి. సామాజిక శాస్త్రాల ప్రాజెక్టులకి భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి (ఐసీఎస్‌ఎస్‌ఆర్) డేటా సర్వీస్ ఉంది, గాంధీనగర్‌లోని గ్రంథాలయాల నెట్‌వర్క్ సంస్థ ఇన్‌ఫ్లిబ్‌నెట్‌తో కలిసి నడుస్తోంది. డేటాతోపాటు షెడ్యూలు, ఏ గడికి ఏ అర్థమో చెప్పే కోడ్ పుస్తకం, గుర్తులు తీసేయడానికి ఏం చేశారో ఒక పేజీ కూడా పెట్టండి. కోడ్ పుస్తకం లేని డేటా ఎవరికీ పనికిరాదు. అంకెల ఫైలు అందరికీ, ఇంటర్వ్యూల రాతప్రతులు అడిగినవాళ్లకి ఒప్పందం మీద, తాళంచెవి ఎవరికీ ఇవ్వకుండా, ఇలా మూడు అంచెలుగా పెట్టుకోవచ్చు.

మీ సంస్థ, నిధులిచ్చినవాళ్లు, ఎథిక్స్ కమిటీ ఎంతకాలం ఉంచమన్నారో అంతకాలం సమ్మతి పత్రాలు బీరువాలో ఉండాలి. గడువయ్యాక తాళంచెవి ఫైలు అన్ని కాపీల్లోంచి చెరిపి, ఫలానా తేదీన చెరిపామని ఇద్దరు సంతకం చేసిన కాగితం ఫైల్లో పెట్టండి.

చేయి జారితే

పెన్ డ్రైవు పోయినా, మెయిల్ తప్పు మనిషికి వెళ్లినా ఆ రోజే డైరెక్టర్‌కీ ఎథిక్స్ కమిటీకీ రాతపూర్వకంగా చెప్పండి. కొత్త నిబంధనల ప్రకారం డేటా పరిరక్షణ బోర్డుకి ఆలస్యం లేకుండా తెలియజేసి, 72 గంటల్లోపు పూర్తి వివరాలివ్వాలి. ఎవరి వివరాలు పోయాయో వాళ్లకీ చెప్పాలి. మినహాయింపు మీకు వర్తిస్తుందో లేదో తేలేదాకా ఆగొద్దు, చెప్పేయండి.

ఆ నెట్ సెంటరు విషయంలో మేం ఇవేవీ చేయలేదు. చేసి ఉంటే ఆ రాత్రే షాపతని ముందు కూర్చుని ఫైలు చెరిపించేవాళ్లం. మర్నాడు పొద్దున్నే 40 ఇళ్లకీ వెళ్లేవాళ్లం. ఇప్పుడు మా టీముకి నేను చెప్పేది ఇదే: ఫోను చేయొద్దు, మెసేజ్ పెట్టొద్దు, వాళ్ల ఇంటికి వెళ్లండి. ఏ వివరాలు పోయాయో, ఎవరి చేతికి వెళ్లి ఉండొచ్చో, మనం ఏం చేశామో చెప్పండి. యజమాని అడిగితే ఏం చెప్పాలో వాళ్లు ముందే ఆలోచించుకునే టైమ్ దొరుకుతుంది. సర్వే నుంచి తప్పుకుంటామంటే అక్కడే, వాళ్ల కళ్లముందే వాళ్ల నంబరు కొట్టేయండి.